చిట్టెలుక నోరు తెరవడం లేదు

పళ్ళ మేస్త్రి ఇంట్లో పళ్ళు తోమించుకోనని మొండికేసే మనిషి ఉందంటే వీధి వీధంతా నవ్విపోతుంది. కానీ ఉంది. రెండేళ్ళు ఇంకా నిండని మూరెడు మనిషి. ముందు పళ్ళు పైనా కిందా కలిపి గుప్పెడు, వెనక దవడల్లో అప్పుడప్పుడే తలెత్తుతున్నవి ఇంకొన్ని. మొత్తం ఆస్తి అంతే. ఆ కాస్త ఆస్తికీ తానే కాపలా అయి, పెదాలు బిగించి, పై పెదవిని రెండు చేతులతోనూ నొక్కిపట్టుకుని స్నానాలగది మూలకు వెళ్ళి నిలబడింది. ఎదురుగా చిన్న పీట మీద మేస్త్రి, చేతిలో చిటికెన వేలంత బ్రష్షు, దాని మీద బియ్యపుగింజంత పేస్టు.

"ఆ అనమ్మా, ఒక్కసారి. మా తల్లి కదూ."

"ఊహూఁ."

"పోనీ ఈ అను."

"ఊహూఁ!" మూసిన నోటితో ఎంత గట్టిగా అనొచ్చో అంత గట్టిగా అంది.

మేస్త్రి తల ప్రాణం తోకకొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. వాకిట్లో ఎవరో తలుపు తడుతున్నారు. అయినా కదలలేదు. కదిలితే ఓడిపోయినట్టే. చివరికి బ్రష్షు మీది పేస్టు ఎండిపోయింది కానీ ఆ పెదాలు విడివడలేదు.

ఆ పిల్లకు చిట్టెలుక అన్న పేరు పెట్టింది తాతయ్యే, అంటే ఈ మేస్త్రే. పళ్ళు వచ్చే రోజుల్లో చిగుళ్ళు సలుపుతుంటే మంచం కమ్మీ, టీవీ రిమోటు, వాళ్ళ నాన్న గడ్డం, ఆఖరికి తాతయ్య చెప్పు కూడా కొరికి చూసిన ఘనురాలు. తొలి పన్ను తెల్లగా తొంగిచూసిన రోజున ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డవాడు మేస్త్రి. అసలు పన్ను రాకముందే, పాలు తాగిన ప్రతిసారీ వేలికి తడిగుడ్డ చుట్టుకుని ఆ బోసి చిగుళ్ళు తుడిచేవాడు. పన్ను వచ్చీ రాగానే మెత్తటి బ్రష్షు కొనుక్కొచ్చాడు. వీధిలో చంటిపిల్లల తల్లులు కనబడితే చాలు, ఆపి మరీ పాఠం చెప్పేవాడు. ఆయన వస్తున్నాడని తెలిసి ఒకరిద్దరు సందు మారిపోయేవారు కూడా.

ఇంతకీ ఆయన పని ఏమిటంటే కట్టుడు పళ్ళు చేయడం. ఇంటి ముందుగదే పనిగది. ఊళ్ళోని పళ్ళ డాక్టర్లు దవడల అచ్చులు పంపుతారు. ఆ అచ్చులో ఆయన తెల్లటి ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక మైనంతో చిగుళ్ళు కట్టి, అందులో ఒక్కొక్క పన్నూ నాటుకుంటూ వస్తాడు. మనిషి వయసును బట్టి కాస్త పసుపు, కాస్త అరుగుదల, కాస్త వంకర కూడా పెడతాడు. మరీ తీరుగా ఉంటే నలుగురికీ తెలిసిపోతుందంటాడు. అచ్చు వస్తుంది, పళ్ళు వెళ్తాయి. వాటిని పెట్టుకున్న మొహాన్ని ఆయన చూడడు. ఆ పళ్ళు కరవవు, ఏడవవు, పెదాలు బిగించి మూలకు పోయి నిలబడవు. జన్మంతా అలాంటి పెద్దమనుషుల పళ్ళతో బతికినవాడికి ఇప్పుడు ఈ రాక్షసి దాపురించింది.

ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు. ఆయన కూతురు నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫోన్లు ఎత్తుతుంది. మా వీధికి నీళ్ళు రాలేదంటే, మా వీధికి రాలేదని పొద్దున్నుంచీ ఊరంతా ఆమె చెవిలోనే అరుస్తుంది. అల్లుడు బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. తెల్లారకముందే వెళ్ళిపోతాడు. కాబట్టి ఉదయాలన్నీ తాతయ్యవీ చిట్టెలుకవీ. పాలు, స్నానం, పళ్ళు తోమడం, కిటికీలోంచి కుక్కను పలకరించడం, పనిగదిలో ఆయన పక్కన చాప మీద కూర్చుని మైనం ముద్ద నలపడం. ఆ ఉదయాల కోసమే తాను ఇంకా హుషారుగా ఉన్నానని మేస్త్రి ఎవరితోనూ అనలేదు కానీ నిజం అదే.

గొడవ మొదలైంది డాక్టరమ్మ దగ్గర. పాపకు పైపళ్ళ మొదట్లో, చిగురు ఆనుకుని, సుద్ద గీసినట్టు తెల్లటి చార ఒకటి వచ్చింది. పళ్ళ డాక్టరమ్మ మేస్త్రికి పాత పరిచయమే, ఆమె పంపే అచ్చులతోనే ఆయన బల్ల సగం నిండుతుంది. పాప నోరు చూసి ఆమె పెద్దగా కంగారుపడలేదు. అడగవలసినవి అడిగింది.

"రాత్రి పాలసీసాతో పడుకుంటుందా?"

కూతురు నీళ్ళు నమిలింది. "సీసా నోట్లో ఉంటేనే నిద్రపోతుందండీ."

"అదే. పాలు రాత్రంతా పళ్ళ మీద నిలవుండిపోతాయి. సీసా మానిపించండి. పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి శుభ్రంగా తోమండి. ఇది ఇంకా పుచ్చు కాదు. తోమితే ఇక్కడితో ఆగుతుంది. తోమకపోతే గుంట పడుతుంది. ఇంత చిన్నపిల్ల కుదురుగా కూర్చోదు కదా, అప్పుడు మత్తిచ్చి పడుకోబెట్టి చెయ్యాల్సొస్తుంది."

మత్తు అన్న మాట వినగానే మేస్త్రి గుండెల్లో రాయి పడింది. కూతురు ఇంటికొచ్చే దారంతా కళ్ళొత్తుకుంటూనే ఉంది.

ఆ మర్నాటి నుంచీ పళ్ళు తోమడమంటే ఆట పోయి పరీక్ష అయిపోయింది. తాతయ్య మొహం బిగుసుకుంటే పిల్లకు తెలియదూ? తల అటూ ఇటూ తిప్పడం, బ్రష్షు కొరకడం మొదలుపెట్టింది. ఎలాగైనా దాన్ని నవ్వించాలని మేస్త్రి పాట పాడాడు, పిల్లిలా అరిచాడు, తువ్వాలు తలపాగా చుట్టాడు. ఊహూఁ, పప్పులుడకలేదు. అప్పుడు చేశాడు చేయకూడని పని. తలుపు గొళ్ళెం పడి ఉందో లేదో ఒకసారి చూసుకుని, నోట్లో వేలు పెట్టి, తన పళ్ళు రెండు వరసలూ ఊడదీశాడు.

అవును. కట్టుడు పళ్ళే. అది ఆయన ఇన్నేళ్ళూ దాచుకున్న రహస్యం.

ఊళ్ళో ఆయన పళ్ళ గురించి చెప్పుకోనివాళ్ళు లేరు. ఈ వయసులో ఒక్కటి కదల్లేదట, ఒక్కటి పుచ్చలేదట అని ముక్కున వేలేసుకునేవారు. ఆయన కాదనలేదు. కాదనకపోవడమే కాదు, "రెండు పూటలా తోముకుంటే మీకూ ఉంటాయి" అని ఉపన్యాసాలిచ్చేవాడు. ఆ ఉపన్యాసాల్లో సగం అల్లుడి నెత్తినే పడ్డాయి. పాపం అల్లుడికి వెనక దవడలో ఒక పుచ్చుపన్ను ఉంది. భోజనాల దగ్గర అతను ఒక పక్కనే నములుతుంటే మేస్త్రి ఊరుకునేవాడు కాదు. "ఏమిటి అల్లుడుగారూ, మీ మిద్దె కూలిపోయిందా, పాక మిగిలిందా?" అని దెప్పేవాడు. అల్లుడు మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకునేవాడు.

అసలు సంగతేమిటంటే ప్లాస్టరు దుమ్ముకు గొంతు ఎండిపోతుందని మేస్త్రి వయసులో ఉన్నప్పుడు రోజంతా బుగ్గన ఒక పిప్పరమెంటు బిళ్ళ ఉంచుకునేవాడు. ఒకటి కరగగానే ఇంకొకటి. రాత్రి పని ముగించేసరికి ఒళ్ళు హూనమై, నోరు పుక్కిలించడానికి కూడా ఓపిక లేక పడుకునేవాడు. ఊరందరికీ పళ్ళు చేస్తూ చేస్తూ తన పళ్ళు ఒక్కొక్కటే పోగొట్టుకున్నాడు. కూతురు చదువుకని హాస్టల్లో ఉన్న రోజుల్లో మిగిలినవన్నీ తీయించుకుని, తన చేతి పనితనమంతా పోసి, తనకు తానే రెండు వరసలు చేసుకున్నాడు. ఒకదానికి కాస్త వంకర, ఒకదానికి కాస్త అరుగుదల. కూతురు సెలవులకు వచ్చి చూసి "నాన్నా, చిక్కిపోయావేంటి?" అందే తప్ప కనిపెట్టలేకపోయింది. తన దగ్గరికొచ్చే వాళ్ళకు రాత్రి పూట తీసి నీళ్ళలో పెట్టుకోమని చెప్పేవాడు, తాను మాత్రం పెట్టుకునే నిద్రపోయేవాడు. ఎవరైనా చూస్తే తలకొట్టేసినట్టవుతుందని భయం.

అలాంటి మనిషి, చిట్టెలుకకు ఇంకా ఒకటీ అరా మాటలే కదా, ఎవరికి చెబుతుందిలే అన్న ధైర్యంతో పళ్ళు ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. కుళాయి కింద పట్టి, బ్రష్షుతో పైకీ కిందకీ తోమి, రెండుసార్లు విదిలించి, చటుక్కున నోట్లో పెట్టుకుని టపటపా కొట్టి చూపించాడు. చిట్టెలుక కళ్ళు చేటలంతయ్యాయి. ఆ తర్వాత మొదలైంది నవ్వు. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు వచ్చాయి. "మల్లీ," అంది. మళ్ళీ చేశాడు. అది నవ్వుతూ నోరు తెరిచినప్పుడల్లా ఈయన బ్రష్షు దూర్చి నాలుగు పళ్ళు తోమేశాడు. పనైపోయింది. ఇంత తేలికా అని మేస్త్రి తన తెలివికి తానే మురిసిపోయాడు. వారం పాటు ఆ ఇంట్లో ఉదయాలు తిరునాళ్ళలా సాగాయి.

ఆ తర్వాత ఉన్నట్టుండి నోరు మూతపడింది. రాత్రి తల్లి తోమబోయినా అంతే, పగలు తాత తోమబోయినా అంతే. బలవంతాన తెరవబోతే ఒళ్ళంతా విల్లులా వంచి కెవ్వున ఏడ్చేది. ఒక ఉదయం దిండు మీద చిన్న నెత్తుటి మరక కనబడింది. కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి, పిల్లను చంకనేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. వెనకాలే మేస్త్రి.

డాక్టరమ్మ, కూతురు ఎదురెదురుగా కూర్చుని మోకాళ్ళు ఆనించి, మధ్యలో పిల్లను పడుకోబెట్టారు. పిల్ల తల డాక్టరమ్మ ఒళ్ళో, కాళ్ళు తల్లి నడుముకు అటూ ఇటూ. ఏడుస్తున్న నోట్లోకి డాక్టరమ్మ నిదానంగా చూసింది.

"చిగురు మీద గాటు. గోరు గీరుకుంది. చూస్తే తన గోరే అనిపిస్తోంది. పళ్ళు పట్టుకుని లాక్కుంటోందా?"

"లాక్కోవడమా? ఎందుకు లాక్కుంటుందండీ?"

"అదే నేనూ అడుగుతున్నా. చార కాస్త పెరిగింది కూడా. నోరు తెరవకపోతే నేనూ ఎక్కువ రోజులు ఆగలేను. వచ్చేవారం చూసి, ఇలాగే ఉంటే మత్తిచ్చి చేసేద్దాం. ఇంట్లో ఎవరైనా పళ్ళ గురించి బెదిరించారేమో కనుక్కోండి."

బయట మెట్ల మీద కూతురు ఆగింది. తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నిజం చెప్పు. అల్లరి చేస్తే పన్ను పీకేస్తానని గానీ అన్నావా? నీ గదిలో పటకారు చూపించి సరదాకైనా అన్నావా?"

"ఛ ఛ! నేనా? దాని మీద ఒట్టు. అలాంటి మాట నా నోట రాలేదు."

నిజంగానే రాలేదు. అయినా అలా అడిగినందుకే మేస్త్రికి కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది. ఇంటి గుమ్మం దగ్గరికొచ్చాక, కూతురు చెప్పులు విప్పుతూ, ఆయన వైపు చూడకుండా అంది. "రేపట్నుంచి నేను ఇంట్లోనే ఉంటా నాన్నా. ఆఫీసులో సెలవడుగుతా. దీన్ని నేనే చూసుకుంటా."

అందులో కోపం లేదు. అదే ఆయనకు ఎక్కువగా తగిలింది. కోపమైతే నాలుగు మాటలని పోయేది. ఇది అలా కాదు. పిల్లను నీ దగ్గర వదలలేను అని ఎంత మెత్తగా చెప్పొచ్చో అంత మెత్తగా చెప్పింది. ఆ మధ్యాహ్నం మేస్త్రి బల్ల ముందు కూర్చున్నాడు కానీ ఒక్క పన్ను కూడా తిన్నగా నాటలేకపోయాడు.

సాయంత్రం అల్లుడు కూడా ఇంటి పట్టునే ఉన్నాడు. కూతురు కొత్త ఉపాయం పట్టింది. మనం తోమితే ఒప్పుకోవడం లేదు కదా, దానికే బ్రష్షు ఇచ్చి చూద్దామంది. చిట్టెలుకను పీట ఎక్కించి, కుళాయి కాస్త తిప్పి, చేతికి బ్రష్షు ఇచ్చింది. అల్లుడు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. వాళ్ళ వెనక, లోపలికి రావాలా వద్దా అన్నట్టు మేస్త్రి.

చిట్టెలుక ఏడవలేదు. ఎడమ చెయ్యి దోసిలిలా పట్టింది. రెండో చేతి వేళ్ళు నోట్లో పెట్టి పైపన్ను పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. ఏమీ రాలేదు. అయినా ఏదో వచ్చినట్టే ఆ వేళ్ళను దోసిట్లో వదిలి, ఖాళీ అరచేతిని కుళాయి కింద పెట్టి, బ్రష్షుతో పైకీ కిందకీ శ్రద్ధగా తోమింది. రెండుసార్లు విదిలించింది. అరచెయ్యి నోటికి కొట్టుకుని టపటపా పెదాలు ఆడించింది.

"చూడండి చూడండి, చెయ్యి తోముకుంటోంది!" కూతురికి అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. అల్లుడు పకపకా నవ్వాడు.

మేస్త్రి నవ్వలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ విదిలింపు తనది. ఆ టపటపా తనది. పళ్ళంటే చేతిలోకి తీసుకుని తోముకునేవని పిల్లకు నేర్పింది తానే. నోట్లో ఉండగా తోమడానికి వస్తే ఎందుకు తోమనిస్తుంది? తాతయ్యలా తీయబోయి, తీయలేక, చిగురు గీరుకుంది. ఇన్నాళ్ళూ ఎదురుగా ఉన్నదాన్ని కనిపెట్టలేకపోయాడు, పెద్ద పళ్ళ మేస్త్రి!

ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ ఆ మాట చెప్పాలంటే పళ్ళు తీసి చూపించాలి. గుమ్మంలో అల్లుడున్నాడు. మిద్దె, పాక అని తాను దెప్పిన అల్లుడు. మేస్త్రి చడీ చప్పుడూ లేకుండా పనిగదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. కూతురు ఇంట్లో ఉంటుంది కదా, నాలుగు రోజులు చూడకపోతే పిల్లే మరిచిపోతుంది కదా అని తనకు తాను నచ్చజెప్పుకోబోయాడు. ఆ తెల్లటి చార ఆగుతుందా నాలుగు రోజులు? వచ్చేవారం మత్తు సూది ఆగుతుందా? ఆ సర్దిచెప్పుకోవడం తన బుర్రకే ఎక్కలేదు.

కాసేపటికి బుడిబుడి అడుగులు వినబడ్డాయి. చిట్టెలుక వచ్చి ఆయన మోకాళ్ళు పట్టుకుని నిలబడింది. చేతిలో బ్రష్షు ఇంకా ఉంది. ఒళ్ళోకి ఎక్కించుకున్నాడు. ఆఖరి ప్రయత్నంగా ఒక యుక్తి తోచింది. పళ్ళు పట్టుకుని లాగినట్టు నటించాడు. "అమ్మో, రావట్లేదు. తాతవి కూడా రావట్లేదమ్మా. చూడు, గట్టిగా ఉన్నాయి," అన్నాడు.

చిట్టెలుక ఆయన మొహంలోకి చూసింది. ఎవరికి చెబుతావు అన్నట్టు. తిన్నగా నోట్లో చెయ్యి పెట్టి, పైవరస పట్టుకుని, ఒక్క గుంజు గుంజింది. వరస ఊడి దాని చేతిలోకొచ్చింది. "వచ్చింది!" అంది గర్వంగా. మేస్త్రికి సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

కానీ ఆ వెంటనే అది తన నోట్లో వేళ్ళు పెట్టుకుంది. లాగింది. ఇంకోసారి లాగింది. రెండో చేత్తోనూ లాగింది. తాతయ్య వైపు చూసింది, చేతిలోని వరస వైపు చూసింది. పెదవి వణికింది. గొంతెత్తి ఏడవలేదు. మౌనంగా, పెద్ద మనుషులు ఏడ్చినట్టు, కన్నీళ్ళు జలజలా రాల్చింది. అందరికీ వచ్చేది తనకొక్కదానికే రాదనుకుంది ఆ పిచ్చితల్లి. ఇన్ని రోజులూ ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేక నోరు మూసుకుని కూర్చుంది.

మేస్త్రి ఇక ఆలోచించలేదు. కిందివరస కూడా తీసేశాడు. రెండు వరసలూ గుప్పిట్లో పట్టుకుని, పిల్లను భుజానేసుకుని, వంటింట్లోకి నడిచాడు. కూతురు, అల్లుడు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. తలెత్తిన కూతురు ఒక్క క్షణం ఎవరో అనుకుంది. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం పైకొచ్చి, ఒక్కసారిగా ముసలివాడైపోయిన మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నాన్నా... నీ పళ్ళు?"

"ఇవిగో." గుప్పిట తెరిచాడు. మాట పెదాల మధ్య నుంచి గాలిగా జారిపోతోంది. "నావి ఎప్పుడో పోయాయమ్మా. ఇవి నేను చేసుకున్నవి. దీన్ని నవ్వించాలని రోజూ తీసి, చేతిలో పెట్టుకుని తోమి, పెట్టుకునేవాణ్ణి. అది కూడా అలాగే తీసుకోవాలనుకుంటోంది. రాకపోయేసరికి లాక్కుంటోంది. దాన్ని ఎవరూ బెదిరించలేదు. నేనే నేర్పాను."



"మరి పొద్దున అడిగితే చెప్పలేదేం నాన్నా?"

"అప్పటికి నాకూ తట్టలేదే. ఇందాక అది చెయ్యి తోముకుంటుంటే తట్టింది."

"తట్టిన వెంటనే చెప్పొచ్చుగా?"

"సిగ్గేసింది."

కూతురు లేచి దగ్గరికొచ్చింది. ఏమైనా అంటుందని మేస్త్రి తల దించుకున్నాడు. ఆమె చెయ్యి ఆయన బుగ్గ మీద పడింది. "ఎలా పోయాయి నాన్నా?"

"తోముకోక. పిప్పరమెంట్లు చప్పరించి, తోముకోకుండా పడుకుని. ఇంకెలా పోతాయి?"

అప్పుడు గొంతు సవరించుకున్నాడు అల్లుడు. "మామయ్యా, మా బేకరీలో అందరికీ మీ పళ్ళ గురించే చెబుతుంటాను. ఈ వయసులో ఒక్కటి కూడా కదల్లేదని. ఇప్పుడు నా పరువేం కాను?"

"నాది మిద్దే కాదు, పాకా కాదు బాబూ. ఖాళీ స్థలం," అన్నాడు మేస్త్రి.

అల్లుడు అంత గట్టిగా నవ్వడం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. కూతురు ఒక పక్క కళ్ళు తుడుచుకుంటూ ఇంకో పక్క నవ్వింది. తనను వదిలేసి అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక చిట్టెలుక ముగ్గురినీ గుడ్లప్పగించి చూసింది.

"ఇటు దింపండి దాన్ని," అన్నాడు అల్లుడు. నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చిట్టెలుక ముందు నోరు బార్లా తెరిచాడు. "లాగు. నాన్న పళ్ళు లాగు."

చిట్టెలుక అనుమానంగా రెండు వేళ్ళూ పెట్టి లాగింది. రాలేదు. రెండు చేతులూ పెట్టి, కాలు నాన్న ఛాతీ మీద ఆనించి మరీ లాగింది. అల్లుడికి కళ్ళనీళ్ళు తిరిగాయి కానీ పళ్ళు రాలేదు.

"లాదు," అంది ఆశ్చర్యంగా.

"రాదమ్మా. అమ్మవి చూడు." కూతురు కూడా నేల మీద కూర్చుని నోరు తెరిచింది. అక్కడా అదే తంతు. "లాదు!" ఈసారి ఆ మాటలో దిగులు తగ్గింది.

ఆఖరున తాతయ్య దగ్గరికొచ్చింది. ఆయన ఒంగి నోరు తెరిచాడు. చిన్న చెయ్యి లోపలికెళ్ళి, పైన వెతికింది, కింద వెతికింది, మెత్తటి చిగుళ్ళు తప్ప ఏమీ తగల్లేదు.

"తాతవి పోయాయమ్మా. తాత తోముకోలేదు, పోయాయి. ఇవి బొమ్మ పళ్ళు. బొమ్మవి కాబట్టి వస్తాయి. నీవి బొమ్మవి కావు. నీవి రావు."

"బొమ్మ," అంది చిట్టెలుక. ఆయన చేతిలోని రెండు వరసలనూ తీసుకుని, తన బొమ్మల బుట్ట దగ్గరికి నడిచి, ఒంటికన్ను ఎలుగుబంటి పక్కన జాగ్రత్తగా పెట్టి వచ్చింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. వచ్చాక, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా, తన పన్ను పట్టుకుని ఒకసారి లాగింది. "లాదు," అంది. అమ్మా నాన్నల జట్టులో చేరిన ధీమాతో అంది. పనిగదిలో పడేసిన బ్రష్షు వెతికి తెచ్చి తాతయ్య చేతిలో పెట్టింది.

కూతురు బ్రష్షు కడిగి, కొత్తగా కాస్త పేస్టు రాసి ఇచ్చింది. చిట్టెలుక తానే వచ్చి ఆయన ఒళ్ళో తల పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. "ఆఁ," అని నోరు తెరిచింది.

మేస్త్రి వేలితో పైపెదవిని మెల్లగా ఎత్తాడు. ఆ తెల్లటి చార మీద, గాటు తగలకుండా, చిగురు నుంచి కిందకి చిన్న చిన్నగా తోమాడు. మధ్యలో చిట్టెలుక ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. వేలు పెట్టి తన పన్ను తడిమి చూసుకుంది. "ఉంది," అని తాతయ్యకు చెప్పింది. అదే వేలు ఆయన నోట్లో పెట్టి వెతికింది. "లేదు," అంది, గొంతు తగ్గించి. ఆ లోపలికి పోయిన బుగ్గను తడి చేత్తో రెండుసార్లు నిమిరి, మళ్ళీ తల వాల్చి నోరు తెరిచింది. మేస్త్రి ఏడుపు ఆపుకోలేదు.

వంటింటి కిటికీ దగ్గర కూతురు ఫోనులో మాట్లాడుతోంది. ఆఫీసులో తనతో పనిచేసే ఆమె కాబోలు.

"సెలవు అక్కర్లేదులే. రేపు పొద్దున షిఫ్టుకి వస్తున్నా... పాపకేం? మా నాన్న ఉన్నారుగా, ఆయన చూసుకుంటారు."

మేస్త్రి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒళ్ళోంచి చిట్టెలుక "ఆఁ!" అని గదమాయించింది. కిందిపళ్ళు ఇంకా తోమాల్సి ఉన్నాయి.